తొండలు చూడ్డానికి డబ్బులు కట్టాం: పొద్దున బ్యాచ్ వద్దు, సాయంత్రం బ్యాచ్ వదలొద్దు

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తున్నాను. సాయంత్రం బ్యాచ్ కళ్లు మూసుకుని బుక్ చేసుకోవచ్చు. పొద్దున బ్యాచ్ మాత్రం టైమింగ్ మారేదాకా వద్దు. రెండూ మా డబ్బులతో మేం వెళ్లినవే, ఒకటి మే నెలాఖరులో, ఇంకోటి జూన్‌లో. ఎవరూ ఫ్రీగా తీసుకెళ్లలేదు, రాసిపెట్టమని ఎవరూ అడగలేదు.

బెంగళూరులో పక్షులు చూపించే వాక్‌లకి కొదవ లేదు. అచ్చంగా తొండలు, బల్లులు, నలికిరి, ఊసరవెల్లి, ఇవే చూపిస్తాం అని బోర్డు పెట్టుకున్నవాళ్లని మాత్రం నేను ఇప్పుడే చూశాను. తొమ్మిదేళ్ల మా వాడికి డైనోసార్ల పిచ్చి వదిలి బల్లుల పిచ్చి పట్టింది కాబట్టి వెతికి వెతికి పట్టుకున్నాం. నడిపేది ముగ్గురే కుర్రాళ్లు. వాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు, దానికి రెండు కారణాలు. ఒకటి, కింద ఒక ఫిర్యాదు ఉంది, దాన్ని వాళ్లకి మెయిల్ చేశాను, సరిచేసుకుంటామన్నారు, చిన్నవాళ్లు, చూద్దాం. రెండోది, చోటు పేరు చెప్తే ఊసరవెల్లి ఎక్కడుందో ఊరందరికీ చెప్పినట్టే, మర్నాటికి ఎవడో ఒకడు సంచీ పట్టుకుని దిగుతాడు. కనకపుర రోడ్డు మీదుగా రామనగర వైపు అని మాత్రం అనుకోండి, చాలు. పొద్దున బ్యాచ్ పెద్దవాళ్లకి 900, పిల్లలకి 500. సాయంత్రం 1200, 700. బ్యాచ్‌కి పన్నెండు మందికి మించరు, ఆ మాట మీద నిలబడ్డారు కూడా.

ఇక పొద్దున బ్యాచ్. సిల్క్ ఇన్‌స్టిట్యూట్ మెట్రో స్టేషన్ దగ్గర అయిదున్నరకి పికప్ అట. ఆదివారం మెట్రో మొదలయ్యేదే ఏడింటికి, మరి స్టేషన్ దగ్గర పికప్ పెట్టి ఎవరికి ఉపకారం? మారతహళ్లి నుంచి క్యాబ్‌కి పోసింది వేరే లెక్క. నిద్రమొహాలతో ఆరున్నరకల్లా అక్కడికి చేరాం, చల్లగా ఉంది, బండల మీద మంచు తడి, పిట్టలు గోల గోల చేస్తున్నాయి. తొండ ఒక్కటి లేదు. ఎలా ఉంటుంది? దానికి ఒంట్లో సొంత వేడి లేదు కదా, ఎండ తగిలి బండ వెచ్చబడి, ఆ వెచ్చదనం పొట్టకి ఎక్కితే గానీ కాలు కదపదు. పక్షుల వాక్ వాళ్ల దగ్గర టైమ్‌టేబుల్ అప్పు తెచ్చుకున్నట్టున్నారు. రెండు గంటలు ఆ బండల చుట్టూ తిరిగాం, చల్లారిపోయిన ఖారా బాత్ తిన్నాం, మా ఆవిడ రెండుసార్లు నా వైపు చూసింది, ఆ చూపుకి అర్థం పెళ్లయినవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఆ రెండు గంటల్లో దొరికింది ఒక్కటే, అది మాత్రం మంచిదే. ఒక రాతి గుండు కింద నీడలో, నా చిటికెన వేలంత కూడా లేని బల్లి. మామూలు బల్లి అనుకుని నేను దాటిపోయేవాణ్ణి, గైడ్ ఆపి బైనాక్యులర్ చేతికిచ్చి కన్ను చూడమన్నాడు. మన ఇంటి గోడ మీది బల్లికి కంటిపాప నిలువు గీతలా ఉంటుంది కదా, దీనికి మనకున్నట్టే గుండ్రం. రాత్రి తిరిగేదానికి ఆ గీత, పగలు తిరిగేదానికి ఈ గుండ్రం. శాస్త్రం పేరు నెమాస్పిస్ మైసూరియెన్సిస్, 1853లో జెర్డన్ అనే డాక్టర్ దొర పెట్టింది. మన కడప వైపు కలివికోడి అనే పిట్టని ఇంగ్లీషులో పిలిచే పేరులో (జెర్డన్స్ కోర్సర్) ఉన్నది కూడా ఈ జెర్డనే. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసినవాడు, బల్లుల్ని కూడా వదల్లేదన్నమాట.

గైడ్ గురించి రెండు మాటలు చెప్పాలి. ముప్పై దాటి ఉండవు, కోలారు వైపు మనిషి, ఇంట్లో తెలుగే. మేం మాట్లాడుకునేది విని మొహం వెలిగిపోయింది, అక్కడి నుంచి మాతో తెలుగు, మిగతావాళ్లతో కన్నడం, ఇంగ్లీషు. ఎనిమిదిన్నరకి ఎండ ఎక్కాక అందరినీ ఒక ఆటో అంత గుండు ఎదురుగా, ఇరవై అడుగుల దూరంలో కూర్చోబెట్టాడు. "తిరగొద్దండి సార్, కూచోండి. మనం కదిలితే వాటికి గద్ద కదిలినట్టే" అన్నాడు. నలభై నిమిషాలు కూర్చున్నాం. బ్యాచ్‌లో ఇద్దరు విసుక్కుని టెంపో దగ్గరికి వెళ్లిపోయారు. నేను కట్టిన డబ్బంతా ఆ నలభై నిమిషాలకే అనుకుంటున్నాను.

గుండు నెత్తిన ఒక మగ తొండ పడుకుని ఉంది, తోకతో కలిపి జానెడు పైనే, మామూలు తోట తొండ కాదు, రాతి తొండ. సామోఫిలస్ డోర్సాలిస్ అని గైడ్ చెప్పాడు. మొదట మాసిపోయిన లుంగీ రంగులో, వీపు మీద వెలిసిన పసుపు. పొట్ట బండకి అతికించి ఎండ కాగుతోంది. కాసేపటికి కింది పగుల్లోంచి మట్టిరంగు ఆడది బయటికొచ్చింది. అంతే, వీడు ముందుకాళ్ల మీద లేచి దండీలు తీయడం మొదలుపెట్టాడు, తల ఊపుతూ. వీపు మీది పసుపు నారింజ అయి, నారింజ ఎరుపయ్యింది, పక్కలు బొగ్గులా నల్లబడ్డాయి. మా వాడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కాడు గానీ నోరు తెరుచుకుని చూస్తూ మళ్లీ ఆపడం మర్చిపోయాడు. నేను మనసులో లెక్కపెట్టుకున్నాను, వంద దాకా రాలేదు. ఆడది ఏమీ పట్టనట్టు ఒక చీమని తిని మళ్లీ పగుల్లోకి పోయింది. తర్వాత పక్క గుండు మీద ఇంకో మగాడు తల ఎత్తాడు. ఈసారి ఇదే తొండ, వీపు పసుపు, పక్కలు నారింజ! అంటే ఆడదానికి ఒక చొక్కా, శత్రువుకి ఇంకో చొక్కా.

ఇంటికొచ్చి చదివితే తెలిసింది, ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్‌సీ)లోనే వీటి మీద ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది. ఆడదాని కోసం వేసే రంగుల్లో ఎరుపు నలుపు తేడా కొట్టొచ్చినట్టు ఉంటుంది, పోట్లాటకి వేసే రంగులు మాత్రం త్వరగా మారిపోతాయి, అక్కడ ఆలస్యమైతే దెబ్బ తినాల్సిందే కదా. ఊరి బయట తొండలతో పోలిస్తే నగరం దగ్గర తొండల రంగులు వెలవెలబోయి ఉంటాయని కూడా వాళ్లే చెప్పారు. 2019లో వచ్చిన ఇంకో పేపర్‌లో నగరం అంచున బతికే తొండలు ప్రమాదం లేని చోటు ఏదో త్వరగా నేర్చుకుంటున్నాయని తేలింది. మారతహళ్లి జంక్షన్ దాటడం నేర్చుకున్న నాకు ఇందులో ఆశ్చర్యం ఏమీ కనిపించలేదు.

కడుపులో దేవినట్టయిన సంగతి ఒకటుంది. మాది మదనపల్లె. ఇవే రాతి తొండల మీద రుషివ్యాలీలో కూడా పరిశోధన జరిగిందట. అంటే మా ఇంటికి సైకిల్ దూరంలో ఎవరో నోట్‌బుక్ పట్టుకుని వీటి ఎదుట కూర్చుంటే, అదే జాతిని మేం బడి ఎగ్గొట్టి ఎవడి రాయి సూటిగా తగులుతుందా అని పందెం కాసి కొట్టాం. తొండ తల ఊపితే మనల్ని వెక్కిరిస్తోందని కదా లెక్క! తల ఊపితే కొట్టాలి అన్నది మాకు ఎవరు నేర్పారో గుర్తులేదు. ఇప్పుడు 900 కట్టి అదే తల ఊపడం చూశాను.

తొమ్మిదిన్నరకి ప్రోగ్రాం అయిపోయిందన్నారు. చూడండి విడ్డూరం, తొండలు ఒక్కొక్కటీ పనిలోకి దిగే టైమ్‌కి మమ్మల్ని బండి ఎక్కించారు. ఎనిమిదికి మొదలుపెట్టి పదకొండుకి ముగిస్తే ఇదే వాక్‌కి అయిదు స్టార్లు ఇచ్చేవాణ్ణి.

ఇంకో లోపం, వాళ్లు ఇచ్చే లామినేటెడ్ కార్డు. ఇరవై రకాల బొమ్మలు, కన్నడంలో, ఇంగ్లీషులో పేర్లు. ఐడియా మంచిదే. అందులో ఊసరవెల్లి అని వేసిన ఫొటో నీలం, ఎరుపు చారలతో నెమలిలా మెరిసిపోతోంది. "నాన్నా, ఇది మనది కాదు, మడగాస్కర్‌ది" అన్నాడు మా వాడు, టెంపోలోనే, అందరికీ వినపడేలా. వాడు చెప్పింది నిజమే, అది పాంథర్ కమీలియన్. నెట్‌లో అందంగా కనపడ్డ ఫొటో దించేసినట్టున్నారు. మన ఊసరవెల్లి చాలావరకు ఆకుపచ్చ, పసుపు, చుక్కలు, మచ్చలు, అంతే. కార్డు చేతిలో పెట్టుకుని నీలం రంగు జంతువు కోసం వెతికితే ఈ జన్మలో దొరకదు.

ఇప్పుడు సాయంత్రం బ్యాచ్. మూడు వారాల తర్వాత మా ఆవిడ రానంది, నేనూ మా వాడూ వెళ్లాం. నాలుగింటికి పికప్, రాత్రి తొమ్మిదిన్నరకి తిరిగి స్టేషన్‌లో దింపారు. వెలుతురు ఉండగా ఎండిపోయిన చెరువు అంచున ఇసుకలో గైడ్ ఒక జాడ చూపించాడు: నడుమ పాములాంటి మెలికల గీత, దానికి రెండు వైపులా గోళ్ల అడుగులు. ఉడుము తోక ఈడ్చుకుంటూ పోయిన దారి అది. ఉడుమును చూడలేదు, ఆ జాడ చూసినందుకే నాకు గూస్‌బంప్స్. ఉడుముకి తాడు కట్టి కోటలెక్కారని చిన్నప్పుడు విన్న కథ మా వాడికి చెప్తే, "దాని బరువెంత, మనిషి బరువెంత నాన్నా" అన్నాడు. పిల్లలకి కథలు చెప్పడం కష్టమైపోయింది.

ఆకు చెత్తలో నునుపైన ఒళ్లు మెరిసి మాయమైంది, నలికిరి. కన్నడంలో హావురాణి, పాముల రాణి అంటారట. మా అమ్మమ్మ దీన్ని చూస్తే పాము కంటే ఎక్కువ భయపడేది, కరిస్తే నీళ్లు కూడా అడగరనేది. పాపం, దానికి విషమే లేదు. ఆ మాటకొస్తే మన ఇంటి బల్లికీ లేదు. బల్లి పడిన సాంబారు తిని హాస్టల్ పిల్లలకి అస్వస్థత అని మన పేపర్లలో ఎన్నిసార్లు చదివామో! గైడ్ చెప్పేది, బల్లి ఒంట్లో విషం ఉండదు, కానీ పేగుల్లో సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా ఉండొచ్చు, కాబట్టి ఆ సాంబారు పారబోయడమే మంచిది, బల్లిని మాత్రం హంతకురాలు అనొద్దు అని. నాకు ఈ వివరణ నచ్చింది, ఎందుకంటే మూఢనమ్మకం అని కొట్టిపారేసి ఊరుకోలేదు.

చీకటి పడ్డాక అసలు సినిమా. సాయంత్రం ఒక జల్లు పడింది, షెడ్డు దగ్గర లైటు కింద ఉసుళ్లు లేచాయి. గోడ మీద ఏడు బల్లులు, ఒక్కోటి ఒక్కో ఉసిలిని నోట పట్టి గుటక వేస్తుంటే రెక్కలు మాత్రం పెదాల పక్క నుంచి రాలి కింద పడుతున్నాయి. ఇంట్లో రోజూ చూసేదే, కానీ బైనాక్యులర్‌లో పాదం అడుగున మడతలు చూశారా ఎప్పుడైనా? ఆ మడతల నిండా కంటికి కనపడని వెంట్రుకల్లాంటివి లక్షల్లో ఉంటాయి, జిగురు లేదు, గాలి పీల్చి అతుక్కోవడం లేదు, అణువుకీ అణువుకీ మధ్య ఉండే బలహీనమైన ఆకర్షణ అన్ని లక్షల చోట్ల కలిసి దాన్ని పైకప్పుకి పట్టి ఉంచుతుంది. ఇది 2000 తర్వాతే గట్టిగా తేలింది. నేల మీద టార్చ్ వెలుగులో పచ్చగా మెరిసే చుక్కలు చూసి ఇవన్నీ బల్లుల కళ్లా అని ఉలిక్కిపడ్డాను, తీరా చూస్తే సాలీళ్లు. 

తుమ్మ కొమ్మ చివర తోట తొండ నిద్రపోతోంది, కొమ్మని కావలించుకుని. అంత సన్నటి చివర ఎందుకంటే, పాము ఎక్కితే కొమ్మ ఊగుతుంది, అలారం మోగినట్టే. దాని పక్క పొదలోనే ఊసరవెల్లి. పగలు పక్కనే నిలబడ్డా కనపడని ప్రాణి, నిద్రలో రంగు పాలిపోయి, టార్చ్ వెలుగులో లేత ఆకులా తెల్లగా తేలిపోయింది. తోక గడియారం స్ప్రింగులా చుట్టుకుని ఉంది. కాలివేళ్లు ఒకవైపు రెండు, ఒకవైపు మూడు, పట్టకారులా కొమ్మని పట్టుకున్నాయి. మా వాడు ఊపిరి బిగబట్టి చూశాడు.

ఇక్కడే ఆ ఫిర్యాదు. గైడ్ వెనకబడినవాళ్ల కోసం వెళ్లిన రెండు నిమిషాల్లో, అసిస్టెంట్ కుర్రాడు దాన్ని కొమ్మ మీంచి ఊడదీసి ఒకమ్మాయి భుజం మీద పెట్టాడు, ఫొటో కోసం. నిద్రపోతున్నదాన్ని! క్షణాల్లో అది ముదురు రంగుకి తిరిగి, ఒళ్లు ఉబ్బించి, నోరు తెరిచి బుస్సుమంది. అందరూ "వావ్, రంగు మారింది" అంటున్నారు, అది భయం రా నాయనా. ఊసరవెల్లి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవి, దాన్ని అలా చేతిలోకి తీసుకోవడమే తప్పు. నేను గట్టిగానే అన్నాను. గైడ్ తిరిగొచ్చి మొహం మాడ్చుకుని, దాన్ని అదే కొమ్మ మీద పెట్టించి, అందరినీ దూరం జరిపి టార్చ్‌లు ఆర్పించాడు. తర్వాత మా ముందే ఆ కుర్రాడికి కన్నడంలో పడ్డాయి. ఒక స్టార్ అక్కడ కట్.

తిరుగు దారిలో నేను మన సామెత తీశాను, తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని. గైడ్ నవ్వాడు. తొండ ఎంత ముదిరినా తొండే, రెండూ వేరు వేరు కుటుంబాలు, కానీ దాయాదులే, రెండింటికీ పళ్లు దవడ అంచుకి అతికినట్టు ఒకే పద్ధతిలో ఉంటాయి, కాబట్టి ఆ సామెత కట్టినాయన మరీ గుడ్డిగా కట్టలేదు అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. చుట్టూ ఉన్న రంగులోకి కలిసిపోవడానికే ఊసరవెల్లి రంగు మారుస్తుందని మనం అనుకుంటాం గానీ, ఎక్కువగా అది ఎదుటి ఊసరవెల్లితో మాట్లాడ్డానికి, ఒంటి వేడి చూసుకోవడానికి. 2015లో జెనీవా శాస్త్రవేత్తలు, మా కార్డు మీదున్న ఆ మడగాస్కర్ దాన్నే పరీక్షించి, చర్మంలోని సన్నటి స్ఫటికాల మధ్య దూరం సర్దుకోవడం వల్ల రంగు మారుతోందని తేల్చారు. మా వాడికి అప్పుడు కార్డు మీద కొంచెం కోపం తగ్గింది.

మీరు తిరుపతి వైపు వాళ్లయితే ఇది వినండి. శేషాచలం కొండల్లో బంగారు బల్లి ఉంది, కాంచీపురం గుళ్లో తడిమే లోహపు బొమ్మ కాదు, ప్రాణమున్నది, మగదానికి నిజంగానే పసుపు బంగారం రంగు, 1870లో బెడ్డోమ్ అనే ఇంగ్లీషు దొర లోకానికి చెప్పాడు. రాతి గుహల్లో, వాగుల పక్క పగుళ్లలో ఉంటుంది, గుడ్లు రాతికి అతికిస్తుంది. నేను అలిపిరి మెట్లు ఎన్నిసార్లు ఎక్కానో లెక్కలేదు, ఒక్కసారి కూడా పక్క బండల వైపు చూడలేదు.

వెళ్లేవాళ్లకి నాలుగు ముక్కలు. బైనాక్యులర్ అద్దె 150, తీసుకోకండి, మాకిచ్చినదాంట్లో ఒక కన్ను మసక. ఎవరి దగ్గరైనా 8x42 రకం (ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూపేది) ఉంటే అడిగి తెచ్చుకోండి, దగ్గర వస్తువు కూడా ఫోకస్ అవ్వాలి, అది చూసుకోండి. టార్చ్ మరీ పెద్దది వద్దు, వాటి కళ్లలోకి కొట్టొద్దు. టాయిలెట్ లేదు, ఆడవాళ్లు ముందే తెలుసుకుంటే మంచిది. బల్లి శాస్త్రం చదివిన పెద్దవాళ్లని తీసుకెళ్తే వాక్ మొత్తం శకునాల మీదే నడుస్తుంది, అదీ ఒక సరదా.

వెళ్లే వీలు లేకపోతే మీ పక్కనున్న ఖాళీ సైటు సిమెంటు ఇటుకల గోడ చూడండి. నగరంలో రాతి తొండలు రాత్రి నిద్రకి కూడా ఇలాంటి గోడల సందులే వెతుక్కుంటాయట, బండ లాంటి గరుకు దొరికితే చాలు. మా అపార్ట్‌మెంట్ వెనక గోడ మీద ఒక ఆడది ఉంది, మూడేళ్లుగా అక్కడే కారు పెడుతున్నాను, ఇప్పుడు కనపడింది. మా వాడు ఆదివారం తొమ్మిదిన్నరకి ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని దాని ఎదురుగా కూర్చుంటున్నాడు, వాచ్‌మన్ వాడికి ఏమైనా శిక్ష వేశారా అని నన్ను అడిగాడు.

సాయంత్రం బ్యాచ్ నాలుగు స్టార్లు, పొద్దున బ్యాచ్ రెండున్నర. నిన్న మెయిల్ వచ్చింది: వచ్చే నెల నుంచి పొద్దున వాక్ ఎనిమిదింటికి, చేత్తో ముట్టుకోవడం ఎవరికీ కుదరదు, అసిస్టెంట్‌కి కూడా. కార్డులు మాత్రం అయిదొందలు ప్రింట్ అయిపోయాయట, అవి అయ్యేదాకా నీలం ఊసరవెల్లే.